గెలిచినది ఎవరు? – భారతయుద్ధ శేషులు చెప్పిన తీర్పు



భారతయుద్ధంలో గెలిచినవారెవరని అడిగితే పసిపిల్లవాడు కూడ పాండవులని చెబుతాడు. ఆ మాటలో పొరపాటు లేదు. కౌరవపక్షాన 11, పాండవపక్షాన 7 అక్షౌహిణుల సేన నిలిచి 18 దినాలు పోరాడగా హస్తినాపుర సింహాసనం ధర్మరాజుకు దక్కింది. పోరు 18 దినాలదే అయినా వైరం బాల్యం నాటిది. లాక్షాగృహం, జూదం, 12 ఏండ్ల వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం - ఇన్ని మెట్లు ఎక్కి వచ్చిన యుద్ధమది. అంతటి దీర్ఘవైరం ముగిసినపుడు మహారథులలో మిగిలినవారు పదిమందే. పాండవపక్షాన అయిదుగురు అన్నదమ్ములు, శ్రీకృష్ణుడు, సాత్యకి. కౌరవపక్షాన అశ్వత్థామ, కృపాచార్యుడు, కృతవర్మ. ఈ యుద్ధాన్ని స్వయంగా చేసినవారు జయాపజయాలను ఎట్లా లెక్కించారో విచారించడమే నేటి ప్రసంగ విషయం.

మొదట దుర్యోధనుని మాట వినండి. తొడలు విరిగి నేల మీద పడియున్నాడు. అతని దృష్టిలో తాను ఓడలేదు. వేదాలు చదివాను, దానాలు చేశాను, భూమిని ఏలాను, క్షత్రియునికి తగిన మరణం పొందుతున్నాను, నా వారందరితో స్వర్గానికి పోతాను; మీరు మాత్రం శోకంతో కుమిలిపోతూ బ్రతకండి అన్నాడు. అపుడు అతనిపై పూలవాన కురిసిందని, పాండవులు సిగ్గుపడ్డారని వ్యాసభగవానుడు దాచకుండా చెప్పాడు.

మరి గెలిచిన ధర్మరాజు ఏమన్నాడు? బంధువులకు తిలోదకాలు విడిచే వేళ కుంతీదేవి కర్ణుని జన్మరహస్యం బయటపెట్టింది. శత్రువని చంపించినవాడు తోడబుట్టినవాడని అపుడు తెలిసింది. ధర్మరాజు నగరప్రవేశం చేయక నెలదినాలు గంగ ఒడ్డుననే ఉండిపోయాడు. కుశలమడగ వచ్చిన నారదమహర్షితో, అభిమన్యుణ్ణి, ద్రౌపదీసుతులను పోగొట్టుకొన్న తనకు ఈ గెలుపు ఓటమివలెనే తోస్తున్నదని చెప్పుకొని దుఃఖించాడు. ఓడినవాడు గెలిచానంటున్నాడు, గెలిచినవాడు ఓడానంటున్నాడు!

భీమసేనుడు ఈ మాటకు ఒప్పుకోలేదు. బావి త్రవ్వి, ఒంటినిండ బురద పూసుకొని, నీరు పడకముందే విడిచిపోయినవానివలె, చెట్టెక్కి తేనె పట్టి దానిని రుచి చూడకయే చచ్చినవానివలె ఉన్నది మన పని అని అన్నగారిని నిలదీశాడు. ఇట్లా వైరాగ్యం చెందుతావని ముందే తెలిస్తే మేము ఆయుధం పట్టేవారమే కాదన్నాడు. అర్జునుడు రాజధర్మం చెప్పాడు. ద్రౌపది తాను పడిన పాట్లను గుర్తుచేసింది. ఒకే పక్షాన, ఒకే శిబిరంలో కష్టసుఖాలు పంచుకొన్నవారిలోనే ఇన్ని తీర్పులు! ఎవరి మాట తప్పు? ఎవరి నష్టాన్ని బట్టి, ఎవరి ప్రతిజ్ఞను బట్టి వారు లెక్క చూచుకొన్నారు. ఒక్కొక్కరి లెక్క ఒక్కొక్క విధంగా సరియైనదే.

ఇక్కడ మనం గమనించవలసిన రహస్యమొకటి ఉన్నది. యుద్ధపు లెక్క రణభూమిలో తేలదు. తరువాత బ్రతికిన కాలంలో తేలుతుంది.

ధర్మరాజు ధృతరాష్ట్రుణ్ణి తండ్రివలె 15 ఏండ్లు సేవించాడు. అదే ఇంట, అన్నగారికి తెలియకుండా భీముడు ముసలిరాజు వినేటట్లు జబ్బలు చరచి, నీ కొడుకులను చంపినవి ఈ చేతులే అని పలికేవాడు. ఆ మాటలు పడలేక కూడ ధృతరాష్ట్రుడు అడవికి బయలుదేరాడు. పోయేముందు భీష్మద్రోణాదులకు, తన కొడుకులకు శ్రాద్ధం పెట్టడానికి ధనమడిగాడు. భీముడు కోపంతో వలదన్నాడు. అర్జునుడు ఇమ్మని నచ్చచెప్పాడు. ధర్మరాజు ఎంత కావాలంటే అంత ఇచ్చాడు. శత్రువుల పిండప్రదానానికి తన ధనమిచ్చిన ఆ దినాన ధర్మరాజు నిజంగా గెలిచాడు. భీమునికి మాత్రం 15 ఏండ్లు గడచినా యుద్ధం ముగియలేదు.

ముగియని యుద్ధం ఏమి చేయగలదో మౌసలపర్వం చెబుతున్నది. యుద్ధమై 36వ ఏట ప్రభాసతీర్థంలో యాదవులు మద్యం సేవించి కూర్చున్నారు. ఆ పదిమందిలో ఇద్దరు, సాత్యకి, కృతవర్మ అక్కడ ఉన్నారు. నిద్రించేవారిని చంపిన నీవు క్షత్రియుడవా అని సాత్యకి ఎత్తిపొడిచాడు. చేయి తెగి ప్రాయోపవేశంలో కూర్చున్న భూరిశ్రవుణ్ణి నరికిన నీవా నన్ననేది అని కృతవర్మ బదులిచ్చాడు. ఇద్దరి నోట వచ్చినది నిజమే. ఆ నిజాలే కత్తులైనాయి. సాత్యకి కృతవర్మ తల నరికాడు, భోజాంధకులు సాత్యకిని చంపారు, యాదవకులమంతా ఒకరినొకరు కొట్టుకొని నశించింది. గాంధారి శాపం, మునుల శాపం పండే కాలమది. అయినా నిప్పు రాజేసినది పాత యుద్ధంలో ఎవరిది న్యాయమన్న వాదమే.

ఇది ద్వాపరయుగపు మాట, మనకేమి అనుకోవద్దు. మన కాలంలోనే వియత్నాం దేశంలో ఏళ్ళ తరబడి యుద్ధం జరిగింది. 1973లో అమెరికా సేనలు వెనుదిరిగాయి, 1975లో సైగాన్ పతనమైంది. 1982లో వాషింగ్టన్ నగరంలో ఒక నల్లరాతి గోడ నిలిపి, చనిపోయిన దాదాపు 58 వేల సైనికుల పేర్లు చెక్కారు. హోదాలను బట్టి కాక, నేలకొరిగిన తేదీలను బట్టి ఆ పేర్లను వరుసగా వ్రాశారు. ఆ యుద్ధం నుండి వచ్చినవారిలో జాన్ కెర్రీ తిరిగి వచ్చి యుద్ధాన్ని బహిరంగంగా ఖండించాడు. 1967 నుండి 1973 వరకు శత్రువుల చెరలో మగ్గిన జాన్ మెకెయిన్ ఆ యుద్ధలక్ష్యాన్ని సమర్థించాడు. సాత్యకి, కృతవర్మలవలె కలహించుకోవడానికి ఇంతకంటె కారణమేమి కావాలి? కాని ఆ ఇద్దరూ శాసనసభలో ఒకే సంఘంలో కూర్చొని, ఆచూకీ తెలియని సైనికుల విషయం విచారించారు. 1995లో రెండు దేశాలకు దౌత్యసంబంధాలు ఏర్పడడానికి కలసి పాటుపడ్డారు. యుద్ధం గురించి వారి అభిప్రాయాలు ఒకటి కాలేదు. అభిప్రాయభేదం ఉండగానే వైరం విడువవచ్చునని వారు చూపారు.

వైరం విడువడం తేలిక కాదు. ధర్మరాజంతటివానికే తుదివరకు ఆ పరీక్ష తప్పలేదు. స్వర్గంలో అడుగుపెట్టగానే దుర్యోధనుడు దివ్యాసనంపై వెలుగుతూ కనిపించాడు. వీడున్నచోట నేనుండనని ధర్మరాజు ముఖం త్రిప్పుకొన్నాడు. ఇక్కడ వైరాలు లేవని నారదుడు చెప్పినా వినలేదు. నరకదర్శనమైన తరువాత, ఆకాశగంగలో మునిగి మానుషదేహం విడిచినపుడే ఆ కోపం, ఆ శోకం తొలగాయి. కురుక్షేత్రంలో కడపటి పోరు ముగిసినది అక్కడ, ఆ గంగలో. తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెనిగించి, యుద్ధంతో ఆపక స్వర్గారోహణం దాకా మనలను నడిపించాడు. కథ నిజంగా తీరేది అక్కడనే గదా!

సోదరులారా, తల్లులారా! మనలో కొందరు సైన్యంలో పనిచేసి వచ్చినవారై ఉంటారు. మిగిలిన మనకు పొలంగట్టు దగ్గర, కోర్టువాకిట, అన్నదమ్ముల పంపకాలలో చిన్న చిన్న కురుక్షేత్రాలు ఉన్నాయి. తీర్పు మన వైపు వచ్చిందని మిఠాయి పంచుతాము. తరువాత ఇంట్లో శుభకార్యమైతే తమ్ముడు గడప త్రొక్కడు, తద్దినం నాడు ఒకే తండ్రికి రెండు ఇళ్ళలో రెండు విస్తళ్ళు పడతాయి. ఆ వ్యాజ్యం గెలిచామని ఏ నోటితో అనగలం?

న్యాయం కోసం పోరాడవద్దని భారతం చెప్పలేదు. పోరాడవలసి వచ్చినపుడు పోరాడమని స్వయంగా భగవంతుడే అర్జునునికి చెప్పాడు. పోరు ముగిసిన తరువాత ఎదుటివాని ఇంటి చావుకు మన కంట నీరు వస్తున్నదా, అతని పెద్దలకు మనం తిలోదకం విడువగలమా అన్నదే గెలుపుకు కొలత. ఈ కొలతతో ఎవరి గెలుపును వారు కొలిచి చూచుకొందురు గాక. వైరశేషం లేని మనస్సును ఆ పార్థసారథి మనకందరికి అనుగ్రహించుగాక!

శ్రీకృష్ణార్పణమస్తు.