పాఠం చెప్పేదెవరు?



నీళ్ల మీద, అడవి మీద, భూమి మీద విధానాలు రాసే అధికార్లకు నాయకత్వ శిక్షణ ఇస్తారు. అడవి అధికార్లకు డెహ్రాడూన్‌లో, కలెక్టర్లయ్యే వాళ్లకు ముస్సోరీలో, మన ఇరిగేషన్ ఇంజినీర్లకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లో. ఇవ్వనీయండి, మేం వద్దనడం లేదు. మేం అడిగేది ఒక్కటే: అక్కడ పాఠం చెప్పేదెవరు?

మన ఊళ్లల్లో చెరువు తూము తీసింది నీరటి. ఏ మడికి ఎంత తడి కావాలో, ఎవరి వంతు ఎప్పుడో, కట్టకు బుంగ ఎక్కడ పడుతుందో ఆయనకు తెలుసు. వానరాత్రి కట్ట మీద కాపలా ఉన్నదీ ఆయనే. చాలా ఊళ్లల్లో ఆ పని మాలమాదిగలదే. ఊరి పొలమంతా తడిపిన చేతిని ఊరి మంచినీళ్ల బావిలో చేద వెయ్యనివ్వలేదు!

1997లో మన రాష్ట్రంలో నీటి సంఘాల చట్టం తెచ్చారు. ఆయకట్టులో భూమి ఉన్నోడికి, సాగు చేసేటోడికి ఓటిచ్చారు. అదే ఆయకట్టులో నాటేసి, కలుపు తీసే భూమిలేని కూలికి ఓటు లేదు. ఆ చట్టం రాసింది చదువురాని వాళ్లు కాదు.

మనకు నీళ్ల విధానం అంటే ప్రాణం సంగతి. కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లను మురికి చేయొద్దన్నందుకే గొడవ మొదలైంది. 1985 జులై 17న ఆరుగుర్ని చంపేశారు.

మనవాళ్లకు విధానాలు తెలియవంటారా? 1927 మార్చి 20న మహద్ చెరువులో దోసిలి ముంచి నీళ్లు తాగిన అంబేద్కరే, 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉండి దామోదర్, మహానది పథకాలకు దారి వేశారు. ఈ దేశపు నీటి విధానానికి పునాది వేసిన వాళ్లలో అంటరానివాడొకడున్నాడని ఆ తరగతుల్లో చెప్పాలి.

అందుకని మూడు అడుగుదాం. ఒకటి, శిక్షణకొచ్చిన ప్రతి అధికారి కొన్నాళ్లు వాడలో ఉండి, మన బోరింగు నీళ్లు తాగాలి. రెండు, నీరటికి, పశుల కాపరికి, పోడు రైతుకు పాఠం చెప్పే కుర్చీ వెయ్యాలి, ప్రొఫెసరుకిచ్చే డబ్బే ఇవ్వాలి. మూడు, మన సర్పంచులకు, కూలిసంఘం ఆడోళ్లకు అదే గదిలో, అదే బల్ల మీద, తెలుగులో అదే శిక్షణ ఇవ్వాలి.

వచ్చే గ్రామసభలో ఈ మూడూ తీర్మానం పుస్తకంలో రాయించండి. రాసేదాకా లేవకండి. రాసింది చదివించుకున్నాకే వేలిముద్రెయ్యండి.

జై భీమ్!