నొప్పి, దిగులు: ఒక పరిశోధకుని కృషి



మన కోనసీమ పెద్దలు మోకాలినొప్పి చెప్పుకొందురు గాని దిగులు చెప్పుకొనరు. దింపు లెక్కలో ఒక్క కాయ తప్పనీయని రైతు తోటకు పోవుట మాని యరుగుమీద ముడుచుకొని కూర్చున్నను, ఇంటివారు వయోభారమని యూరకుందురు.

ఈ రెండు బాధలకును సంబంధించిన మందులను శోధించినవాడు జూలియస్ ఆక్సెల్‌రాడ్. ఆయన 1912లో న్యూయార్కు నగరమున నొక బుట్టలల్లువాని యింట జన్మించెను. వైద్యకళాశాలలు చేర్చుకొనలేదు. ప్రయోగశాలలో సీసా పగిలి యొక కంటిచూపు పోయెను. అయినను పని మానలేదు. అసిటానిలైడను పాత నొప్పిమందు శరీరములో పారాసిటమాలుగా మారి నొప్పి నణచునని 1948లో బ్రోడీతో గూడి వెల్లడించెను. నేడు మన యూరి మందులంగడిలో దొరకు బిళ్ల యదియే! డాక్టరు పట్టము మాత్రము 1955లో గాని రాలేదు.

నాడీకణములు తాము విడిచిన నార్‌అడ్రినలిన్‌ను తామే మరల పీల్చుకొనునని ఆయన కనిపెట్టెను. దిగులునకిచ్చు ఇమిప్రమీను ఆ పీల్చుకొనుటను అడ్డగించునని 1961లో తేలినది. 1970లో మరి యిద్దరితో పాటు నోబెలు బహుమాన మందెను. మెదడునుండి వెన్నుపాములోనికి దిగి నొప్పిని తగ్గించు నాడులలో కొన్నిటియందును ఈ ద్రవ్యమే పనిచేయును. కావుననే యిట్టి మందులు కొన్ని నరముల నొప్పులకును వాడుచున్నారు.

మోకాలి కొరకు అమలాపురము వైద్యునికడకు పోయినప్పుడు, నిద్రపట్టమియు అన్నము సహింపమియు గూడ చెప్పుడు. ఆయన దిగులుమందు వ్రాసియిచ్చినచో, గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. నాలుగు దినములు మ్రింగి గూటిలో పారవైచిన మందుబిళ్లలు మన యిండ్లలో నెన్ని లేవు!