ఊటీ కొండరైలు, మన అరకు లోయ



ఆదివాసీ దినోత్సవం నాడు రైలు గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. థింసా ఉంది, పండగలున్నాయి, మన భాషలున్నాయి, రైలెందుకన్నారు. బయటివాళ్లలో చాలామంది మన కొండల్ని మొదటిసారి చూసేది రైలు కిటికీలోంచే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాం.

ముందు ఊటీ రైలు సంగతి. తమిళనాడులో మేట్టుపాళయం నుంచి ఊటీ దాకా 46 కిలోమీటర్ల మీటరుగేజి లైను అది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేశారు. 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు. 326 మీటర్ల ఎత్తులో బయలుదేరి 2,203 మీటర్లకు ఎక్కుతుంది. దానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. మన పాసింజరే నయం!

ఒక ఆదివారం హాస్టల్లో ఈ రైలు వీడియో చూపించాం. ఆరో తరగతి పిల్ల ఒకతి, "మేడమ్, ఇంజను వెనకాల కట్టారేంటి?" అనడిగింది. మంచి ప్రశ్న. కల్లారు నుంచి కూనూరు దాకా ఏటవాలు ఎంతంటే, కొన్నిచోట్ల పన్నెండు మీటర్లు ముందుకెళితే ఒక మీటరు పైకెక్కాలి. మామూలు చక్రం అక్కడ జారిపోతుంది. అందుకని రెండు పట్టాల మధ్య రంపంలా పళ్లున్న ఇనుప పట్టీ వేశారు. ఇంజను కింద పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ఇంజను ఎప్పుడూ పల్లం వైపే ఉండి పెట్టెల్ని నెడుతుంది. మధ్యలో గొలుసు తెగినా పెట్టెలు కిందికి దొర్లిపోకుండా అదే అడ్డు. పెట్టె పెట్టెకూ ఒక బ్రేకు మనిషి ఉంటాడు. కూనూరు దాటాక డీజిల్ ఇంజనుతో నడుస్తుంది.

2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితాలో పేరు పడినంత మాత్రాన ఏదీ నిలవదు. వానాకాలం కొండచరియలు విరిగి పట్టాల మీద పడితే రైలు ఆగిపోతుంది, మనుషులు వెళ్లి రాళ్లు తీయాలి. పాత ఇంజన్లు అరిగిపోతే తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో అదే నమూనాలో కొత్తవి చేశారు. వాటిలో కొన్ని బొగ్గుతో కాక ఆయిలుతో నడుస్తాయి. అలాగైతే అది పాత రైలెలా అవుతుందంటారు కొందరు. మాకు అలా అనిపించదు. ఆవిరి ఉంది, పళ్లచక్రం ఉంది, ఆ నెమ్మది ఉంది. మార్చేది ఏది, మార్చకూడనిది ఏది అని ఆలోచించి మారిస్తే చెడగొట్టినట్టు కాదు.

అక్కడే ఇంకొకటి జరిగింది. 2021లో హిల్‌గ్రోవ్ దగ్గర పట్టాల పక్కన కట్టిన గోడ ఏనుగుల దారికి అడ్డమైంది. జనం అడిగారు, రైల్వే ఆ గోడ కూల్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, తమ్ముళ్లూ. అడిగితే గోడలు కూలుతాయి.

ఒక లోటు మాత్రం చెప్పాలి. నీలగిరులు తోడా, కోటా, కురుంబ, ఇరుల జనాల కొండలు. మేము చూసిన వీడియోల్లో వంతెనల లెక్క ఉంది గాని ఆ జనాల మాట ఒక్కటీ లేదు.

ఇక మన లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసింది ఇది. ఆవిరి బండి కాదు, వారసత్వ జాబితాలో లేదు, కాపాడాలన్న ప్రత్యేక నియమమూ లేదు. అయినా టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస దాటి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడకు ఎక్కే ఆ దారి అందం తక్కువా? 2017లో అద్దాల పెట్టె కూడా వచ్చింది. దానితోపాటు వాటర్ బాటిళ్లూ, చిప్స్ కవర్లూ వచ్చి గెడ్డల్లో పడుతున్నాయి. మనం తిన్న కవర్లూ అందులో ఉన్నాయి, దాచుకోవద్దు. థింసా ఫోనులో పట్టేంతసేపు ఆడి ఆపేస్తున్నాం.

ఇప్పుడు కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా రెండో లైను పని నడుస్తోంది. వద్దనడం లేదు, మన పిల్లలు కాలేజీకి వెళ్లేదీ ఆ బండిలోనే. కాని తవ్విన మట్టీ రాళ్లూ ఎక్కడ పోస్తున్నారు, ఏ గెడ్డకు అడ్డం పడుతుంది, కొట్టేసిన చెట్లకు బదులు ఎక్కడ నాటుతారు? పెసా చట్టం ఉన్న ప్రాంతం మనది. గ్రామసభలో లేచి అడగండి, అడిగింది తీర్మానంలో రాయించండి.

ఇంకో పని ఉంది. సొరంగానికి రైల్వేవాళ్లు నంబరు వేస్తారు. ఆ సొరంగం మీద ఉన్న కొండకు మన తాతలు పెట్టిన పేరుంది. పక్కన గెడ్డకు పేరుంది, జాతర చేసే రాయికి పేరుంది. కువిలో ఒకటి, ఆదివాసీ ఒడియాలో ఒకటి, రెండూ ఉండొచ్చు. ఆ పేర్లు ఏ స్టేషను బోర్డు మీదా లేవు. తవ్వకంలో ఆ రాయి పోతే, పేరు తెలియనివాడు ఏం పోయిందని గ్రామసభలో చెబుతాడు?

అందుకని మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు తలా ఒక నోటుబుక్కు ఇచ్చాం. దసరా సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు అవ్వనీ తాతనీ అడిగి, పేరు, అది ఎక్కడుంది, ఎందుకు ఆ పేరు వచ్చింది రాసుకుని రావాలి. కాలేజీ చదివే తమ్ముళ్లు ఫోనులో ఆ చోటు గుర్తించి మ్యాపు గీయడంలో సాయం చేయండి. సెలవులయ్యాక మొదటి ఆదివారం పొద్దున హాస్టల్ హాల్లో కూర్చుంటాం. టిఫిను మేము పెడతాం.