కూడికకు ముందు



భద్రాచలమున శ్రీరామనవమినాడు జరుగు సీతారామ కల్యాణమునకై కొందరు భక్తులు వడ్లను రోట దంచక, మరలో ఆడింపక, గోటితోనే ఒలిచి తలంబ్రాలు సిద్ధపరచుదురు. కల్యాణము ఒక్క పూటలో ముగియును. ఆ గింజల ఒలుపు మాత్రము ఎన్నో దినములు సాగును. పదిమంది కూడి దేవుని తలచుకొను వేళకు ముందే ఎవరింట వారు చేసికొనవలసిన పని యొకటి యుండునని ఏ మతమువారైనను ఒప్పుకొందురు. భద్రాచలమునకు ఎదుట, గోదావరి ఈవలి యొడ్డున నున్న సారపాకలోని క్రైస్తవ కుటుంబములను మనసున నుంచుకొని, క్రైస్తవుడు కూడికకు ఎట్లు ఆయత్తపడవలెనో నేడు ముచ్చటింతును.

ఆయత్తమనగా ఉతికిన బట్టలు, చేతిలో బైబిలు, పాటల పుస్తకము అని సామాన్యముగా తలంతుము. అవి యుండవలసినవే. కాని కొత్త నిబంధన ఈ సందర్భమున బట్టల మాట ఎత్తదు. ప్రక్కవాని మాట ఎత్తును. మత్తయి సువార్త ఐదవ అధ్యాయమున క్రీస్తు ఒక సంగతి బోధించెను. బలిపీఠమునొద్దకు కానుక తెచ్చినవానికి, తన సహోదరుడు తన విషయమై నొచ్చుకొని యున్నాడని జ్ఞప్తికి వచ్చినచో, కానుకను అచ్చటనే విడిచి, ముందు పోయి సమాధానపడి రావలెను. ఇందొక సూక్ష్మము కలదు. నీకు ఎదుటివానిపై కోపమున్నదా యని ఆయన అడుగలేదు. ఎదుటివానికి నీపై ఉన్నదా యని అడిగెను. మన కోపము మనకు తెలియును. మనవలన ఇతరునికి కలిగిన నొప్పి, కూర్చుండి ఆలోచించిననే గాని తెలియదు. ఆదివారము గంట మ్రోగిన పిమ్మట ఆ ఆలోచనకు వ్యవధి చాలదు. శనివారము సాయంకాలమే దానికి తగిన వేళ. పొలము గట్టు తగవో, తీర్చని చేబదులో, తోడికోడలితో ఆగిపోయిన మాటయో, ఏదియైనను ఆ సాయంకాలమే సరిచేసికొన యత్నింపవలెను.

రెండవ సంగతి కొరింథు పట్టణమునకు చెందినది. క్రీ. శ. 55 ప్రాంతమున అపొస్తలుడైన పౌలు ఆ సంఘమునకు లేఖ వ్రాయుచు, వారి కూడికవలన మేలుకంటె కీడే ఎక్కువగుచున్నదని గద్దించెను. కారణమేమి? ప్రభువు బల్లను ఆచరించుటకని కూడి, కలిగినవారు తమ భోజనము తాము ముందే ముగించుచుండిరి. లేనివారు ఆకలితో కూర్చుండవలసి వచ్చుచుండెను. ఎవరికి వారు తమ్ము పరీక్షించుకొనవలెననియు, ఒకరికొరకొకరు ఆగవలెననియు పౌలు ఆజ్ఞాపించెను. తన్ను తాను పరీక్షించుకొనుట యనగా ఒంటరిగా తన పాపములను లెక్కించుకొనుటయే కాదు. నేను ఎవరిని మరచి ముందుగా కూర్చుంటినని చూచుకొనుట కూడ.

ఈ మాట సారపాకకు మిక్కిలి తగియున్నది. 1979లో అచ్చట కాగితపు కర్మాగారము పని ప్రారంభించెను. అది రేయింబవళ్లు నడచును. పనివారు షిఫ్టుల చొప్పున మారుచుందురు. రాత్రి షిఫ్టు ముగించుకొని, కన్నులు మండుచుండగా ఆలస్యముగా వచ్చి వెనుక నిలుచువానిని చూచి, భక్తి తక్కువవాడని ముందు వరుసలోనివారు తలచినచో, ఆ కూడిక కొరింథు కూడికయే యగును. అతనికి చోటు విడిచి కూర్చుండుట, వాని పిల్లలను దగ్గరకు తీసికొనుట, ఇవియు ఆరాధనలోని భాగములే.

మూడవది చోటు విషయము. బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి ఆసనమును, మాసిన బట్టలవానికి పాదములయొద్ద స్థలమును చూపుట తగదని యాకోబు పత్రిక హెచ్చరించును. మన మన్యపు సంఘములలో ఆ రెండవవారు తరచుగా అడవి పల్లెలనుండి నడచి వచ్చు కోయ కుటుంబములవారు. వారి సంబంధము నేటిది కాదు. గోదావరిపై నావల రాకపోకలకై పనులు జరుగుచుండగా, 1860 ప్రాంతమున, ఇంజనీరు హేగ్ ప్రోద్బలముతో, భద్రాచలమునకు ఎగువనున్న దుమ్మగూడెమున కోయల మధ్య క్రైస్తవ సేవ మొదలయ్యెను. పిదప అచ్చటికి వచ్చిన జాన్ కెయిన్ వారి ఆచారవ్యవహారములను గురించి వ్యాసములు వ్రాసెను. బోధింప వచ్చినవాడు ముందుగా వారిని వినవలసి యుండెను. నేడు వారు మన ప్రక్కన కూర్చున్నప్పుడు ఆ వినికిడి మనకును ఉండవలదా?

నాల్గవది కానుక. తమిళ దేశమునుండి 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, బీదలైన పల్లె క్రైస్తవులకు సహితము ఇచ్చుటలోని గౌరవమును నేర్పెను. ఆ సంఘముల గృహిణులు అన్నము వండుటకు బియ్యము తీయునపుడెల్ల ఒక పిడికెడు వేరు కుండలో వేసి, దానిని గుడికి తెచ్చుచుండిరి. ఆ పిడికెడు విలువ స్వల్పమే. కాని ప్రతిదినము పొయ్యియొద్ద చేయి కుండవైపు పోయినప్పుడెల్ల ఆమె రాబోవు కూడికను తలచుకొనుచుండెను. ఆదివారము జేబు తడవి చిక్కిన నాణెమును వేయుటకును, ఆరుదినములు కూర్చిన పిడికెళ్లను తెచ్చుటకును ఉన్న భేదమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ప్రసంగము వినుట. చదువబోవు వాక్యభాగము ముందే తెలిసినచో ఇంట ఒకసారి చదువుకొని పోవుట మంచిది. చదువురాని పెద్దలకు పిల్లలు చదివి వినిపింపవచ్చును. బోధకుని మాటలో తప్పులెన్నుటకో, ఈ మాట ఫలానావానికి బాగుగ తగిలినదని సంతోషించుటకో పోయినవాడు వట్టి చేతులతో తిరిగివచ్చును. పొరుగువారికి నిద్రాభంగము కాకుండ ధ్వనివర్ధకమును తగ్గించి పెట్టుకొనుట కూడ ప్రేమలోని పనియే.

కూడికకు ఆయత్తమనగా, మన ప్రక్కన కూర్చుండబోవు మనుష్యునికి మన హృదయమున ముందుగా చోటు చేయుట. ఆ చోటు లేనప్పుడు పాట ఎంత శ్రావ్యమైనను, మందిరము ఎంత విశాలమైనను, అక్కడ జనము గుమిగూడుదురే గాని కూడుకొనరు. వచ్చు శనివారము దీపము పెట్టు వేళ, మనవలన నొచ్చిన మనుష్యుడొకడు జ్ఞప్తికి వచ్చినచో, తెల్లవారువరకు ఆగక వాని గడప త్రొక్కుడు.