నేర్చుకుంటే వచ్చే తృప్తి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతతో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ పెద్దలు భూమి గురించి, భాష గురించి మాట్లాడారు. మమ్మల్ని మాత్రం, క్రైస్తవ విశ్వాసం వల్ల రోజువారీ బతుకులో తృప్తి, మనశ్శాంతి ఎలా వస్తాయో పిల్లలకు చెప్పమన్నారు. ఇక్కడ ఆదివారం ప్రార్థనకు వెళ్లేవాళ్లు ఉన్నారు, తాతల నాటి పూజలు చేసుకునేవాళ్లూ ఉన్నారు. మా బంధువుల్లోనే రెండు రకాలవాళ్లం ఉన్నాం. ఎవరినీ ఇటు రమ్మని పిలవడానికి ఈ మైకు పట్టుకోలేదు. మేము బతికినదే చెబుతాం.

ముందు ఒక మాట. బడిలో సమాధానం అంటే జవాబు. తెలుగు బైబిల్లో సమాధానం అంటే శాంతి. చిన్నప్పుడు మాకు ఈ తేడా తెలియదు. పాస్టరుగారు అందరికీ సమాధానం కలగాలని దీవించినప్పుడల్లా, రేపు పరీక్షలో జవాబులు గుర్తొస్తాయని సంబరపడేవాళ్లం. నలభై దాటాక తెలిసింది, జవాబు దొరకని రోజున కూడా దొరికేదే ఆ రెండో సమాధానం అని.

అది ఎలా దొరుకుతుందో మాకు నేర్పింది మా హాస్టల్లో ఒక మూడో తరగతి పాప. ఒకసారి పిల్లల గదిలో ఒకటే వాసన. వెతికితే ఆ పాప రేకు పెట్టెలో, గౌను మడతల్లో మూడు ఉడికించిన గుడ్లు దొరికాయి. కుళ్లిపోయాయి, చీమలు పట్టాయి. మిగతా పిల్లలు నవ్వారు. "ఎందుకు దాచావమ్మా?" అని అడిగితే, "తమ్ముడికి మేడమ్, శనివారం నాన్న వస్తాడు" అంది. మాకు నోట మాట రాలేదు. ఆ పాప తన వంతు తినకుండా మూడు పూటలు దాచింది.

ఆ రాత్రి నిర్గమకాండం పదహారో అధ్యాయం తీసి చదువుకున్నాం. ఐగుప్తు నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులకు అరణ్యంలో మన్నా దొరికిన కథ అది. తలకు ఒక ఓమెరు చొప్పున ఏ రోజుది ఆ రోజు ఏరుకోవాలి. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి తగ్గలేదు. రేపటికని దాచినది పురుగు పట్టి కంపు కొట్టింది. ఇన్నేళ్లూ దాన్ని అత్యాశ మీద పాఠంగానే విన్నాం. ఆ పాపను చూశాక ఇంకో సంగతి అర్థమైంది. వాళ్లు తరతరాలుగా బానిసలుగా ఉన్నవాళ్లు. రేపు కూడు ఉంటుందన్న నమ్మకం లేనివాళ్లు. దేవుడు వాళ్లకు తిండి పెట్టడమే కాదు, రేపటిని నమ్మడం కూడా నేర్పాడు. అది ఒక్క రోజులో రాలేదు. ప్రతి ఉదయం నేర్చుకోవలసి వచ్చింది.

అదే కథలో ఆరో రోజున రెండు రోజులకు సరిపడా ఏరుకోమన్నాడు. అది మాత్రం కుళ్లలేదు. అంటే పొదుపు తప్పు కాదు. భయంతో దాచినది మనల్ని కాపాడదని మాత్రమే ఆ కథ చెబుతోంది.

శనివారం ఆ పాప నాన్న వచ్చాడు. మా ఇంటి గుడ్లు నాలుగు ఉడికించి ఆయన సంచిలో పెట్టాం. హాస్టల్ గుడ్లు కావు, అవి పిల్లలవి. ఆ తర్వాత ఆ పాప పెట్టెలో గుడ్డు దొరకలేదు.

మాది ప్రభుత్వ హాస్టల్. అన్ని ఇళ్ల పిల్లలూ ఉంటారు. అక్కడ మేము ఏ పిల్లకూ మా ప్రార్థన నేర్పం, నేర్పకూడదు కూడా. మరి మా విశ్వాసం అక్కడ ఎక్కడ కనబడాలి? పప్పు కొలిచే దగ్గర కనబడాలి. ఈ మాట ఊరికే అనడం లేదు. చాలా ఏళ్ల కిందట, వేరే చోట పనిచేసేటప్పుడు, సరుకులు తెచ్చే ఒకాయన మెల్లగా అన్నాడు: "తూకం కొంచెం అటూ ఇటూ ఉంటుంది మేడమ్, మీరు సంతకం పెట్టండి, మీ సంగతి మేము చూసుకుంటాం." అప్పుడు మా ఇంట్లో అప్పు ఉంది. ఆసుపత్రి ఖర్చులకు తెచ్చిన అప్పు. వద్దని వెంటనే అన్నామని చెబితే అబద్ధం అవుతుంది. "రేపు చెబుతాం" అన్నాం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లూకా సువార్త మూడో అధ్యాయంలో సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి, మేము ఏం చేయాలని అడుగుతారు. ఉద్యోగం మానేయండి అని ఆయన అనలేదు. ఎవరినీ పీడించవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్న అర్థంలో చెప్పాడు. ఉద్యోగస్తులకు ఇంతకంటే సూటి మాట ఉందా? పొద్దున్నే తూకం వేయించి, ఎంత వచ్చిందో అంతకే సంతకం పెట్టాం. ఆయన మొహం మాడ్చుకున్నాడు. అప్పు తీరడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. కానీ ఆ నాలుగేళ్లూ పిల్లల కంచాల వైపు తల దించుకోకుండా చూడగలిగాం. సమాధానం అంటే మాకు అదే.

ఇక మీ సంగతి. తృప్తి గురించి మాట్లాడితే మీలో కొందరికి కోపం వస్తుందని తెలుసు. "తృప్తిపడండి, ఉన్నదాంతో సర్దుకోండి" అని మన జాతికి చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. అడవి పోయినా సర్దుకోమన్నారు, రోడ్డు లేకపోయినా సర్దుకోమన్నారు. మేము టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బీఈడీ సర్టిఫికెట్ పట్టుకుని జీడితోటల్లో కూలికి వెళ్తున్న తమ్ముడి దగ్గరికి వెళ్లి "తృప్తిగా ఉండు నాయనా" అనడానికి మాకు నోరు రాదు.

అందుకే పౌలు సంగతి చెబుతాం. ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని ఆయన ఫిలిప్పీ సంఘానికి రాశాడు. రాసింది బంధకాల్లో ఉండి. అందులో "నేర్చుకున్నాను" అన్నది గమనించండి. పుట్టుకతో వచ్చిందని ఆయన అనలేదు. ఆ మాటను చాలా ప్రసంగాల్లో వింటాం. అదే ఫిలిప్పీలో అంతకుముందు జరిగినది తక్కువగా వింటాం. విచారణ లేకుండా పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. అర్ధరాత్రి వాళ్లు పాటలు పాడుకుంటూ ప్రార్థన చేశారు. అది తృప్తి. తెల్లవారాక అధికారులు గుట్టుగా వదిలేయమని మనుషుల్ని పంపితే, పౌలు ఒప్పుకోలేదు. మేము రోమా పౌరులం, బహిరంగంగా కొట్టించారు, ఇప్పుడు వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. అది హక్కు.

రాత్రి పాడినదీ, పొద్దున నిలదీసినదీ ఒకే మనిషి. తృప్తి ఉన్నవాడు హక్కు అడగడని అనుకోకండి. లోపల సమాధానం ఉన్నవాడే వణక్కుండా అడగగలడు. అర్జీ పెట్టండి, గ్రామసభలో లేచి మాట్లాడండి, కేసు నడుస్తుంటే దాని కాగితాలు చదవండి. ఆ పని జరిగేలోపు మాత్రం మీ నిద్రను, మీ నవ్వును, మీ ఇంట్లోవాళ్ల మీద మీకున్న ప్రేమను ఎవరికీ తాకట్టు పెట్టకండి.

ఫోన్ గురించి కూడా ఒక మాట. మన ఊళ్లో సిగ్నల్ కోసం గట్టెక్కి కూర్చుని, విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉన్నవాళ్ల బళ్లు, బట్టలు, పెళ్లిళ్లు చూస్తాం. గట్టెక్కినప్పుడు బాగానే ఉన్న మనసు దిగేసరికి బరువెక్కుతుంది. ప్రభువు కొండ మీద కూర్చుని బోధించినప్పుడు ఆకాశపక్షులను, అడవిపువ్వులను చూడమన్నాడు. మనకు అవి ఇంటి ముందే ఉన్నాయి. గట్టు మీద ఫోన్ పక్కన పెట్టి ఐదు నిమిషాలు చుట్టూ చూడండి.

మా మేనమామగారి ఇంట్లో కందికొత్తల పండగ చేస్తారు. దేవతకు పెట్టకుండా కొత్త కందులు నోట పెట్టరు. మా సంఘంలో మొదటి పంటను గుడికి తెచ్చి స్తుతి చెల్లించాకే ఇంట్లో వండుకుంటారు. మా మొక్కు వేరు, వాళ్ల మొక్కు వేరు. ఒకప్పుడు దీని మీద మా ఇళ్ల మధ్య మాటలు లేవు. రెండేళ్లు ఒకరి గుమ్మం ఒకరం తొక్కలేదు. చివరికి అత్తయ్యకు జ్వరం వస్తే గంజి పట్టుకుని మేమే వెళ్లాం. తినేముందు కృతజ్ఞత చెప్పాలన్నది రెండు ఇళ్లలోనూ ఉందని ఆ రోజు అరుగు మీద కూర్చుని మామయ్యే అన్నాడు. విశ్వాసం మనకు సమాధానం ఇచ్చిందంటే ముందు అది పక్కింటికి తెలియాలి కదా.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మనసు బాగోలేనప్పుడు, నిద్ర రానప్పుడు, చచ్చిపోవాలనిపించినప్పుడు "ప్రార్థన చేస్తే చాలు" అని ఎవరన్నా చెబితే ఆగిపోకండి. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ వెళ్లండి. సువార్త రాసిన లూకాను పౌలు వైద్యుడనే పిలిచాడు. 14416 అన్నది ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్లో రాసుకోండి.

మేము రోజూ చేసేది చిన్న పని. రాత్రి హాజరు అయ్యాక, దీపాలు ఆర్పాక, ఆ రోజు అందినది ఒకటి తలచుకుని స్తుతి చెబుతాం. ఆ రోజు చేసిన తప్పు ఒకటి ఒప్పుకుంటాం. రేపటి భారం ఒకటి దేవుడికి అప్పగిస్తాం. అంతే. కొన్ని రాత్రులు అప్పగించినదాన్ని మళ్లీ లాక్కుని దొర్లుతూనే ఉంటాం. మేము కూడా ఇంకా నేర్చుకుంటున్నవాళ్లమే.

ఆ గుడ్ల పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. వడ్డన రోజున గరిటె తనే పట్టుకుంటుంది. చిన్నపిల్లలు ఎవరైనా గుడ్డు జేబులో పెట్టుకుంటుంటే చూసి, "తినేయవే, రేపు కూడా ఉంటుంది" అంటుంది.

మీ అందరికీ ఆ నమ్మకం కలగాలని, రెండు రకాల సమాధానమూ దొరకాలని కోరుకుంటున్నాం.