ఒక ముఖము, ఇద్దరు మనుషులు

మాటలేని చిత్రాన్ని గూర్చి ఉత్త మాటలతో చెప్పవలసి రావడం చిక్కే. శ్రోతలు మన్నింతురు గాక.

చార్లీ చాప్లిన్ 1921లో తీసిన ‘ది ఐడిల్ క్లాస్’ సుమారు అరగంట చిత్రం. ఇందులో ఆయనవి రెండు వేషాలు: దొంగతనముగా రైలెక్కి వచ్చిన దేశదిమ్మరి, త్రాగుడుకు లోబడిన ధనికుడు. త్రాగుడు మానినదాక వేరుగా ఉంటానని భార్య చీటీ వ్రాసింది. అతడు మనవైపు వీపు త్రిప్పి నిలిచాడు. భుజాలు కదులుచున్నవి. అయ్యో, వెక్కివెక్కి ఏడ్చుచున్నాడనుకొంటాము. ఇటు తిరిగాడు కదా, చేతులలో మద్యం కలిపే గిన్నె! దానిని కుదుపుచున్నాడు, అంతే. మోసపోయినది భార్య కాదు, మనమే.

పిదప మారువేషాల విందు. ధనికుడు ఇనుప కవచం తొడిగాడు. శిరస్త్రాణపు మూత బిగుసుకొని ముఖమే కనబడదు. పోలీసులకు వెరచి లోనికి దూరిన దిమ్మరిని ఆ ఇల్లాలు భర్తయే అనుకొన్నది. అతని చింపిరి కోటు అందరికీ వేషముగానే తోచింది. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ కావడానికి మాయ కావలసివచ్చింది. ఇక్కడ బట్టలే చాలినవి.

హాలియాలో మా యింట ఈ చిత్రం చూచుచు మా పెద్దమ్మ, “ఇద్దరూ ఒక్కడే గద బిడ్డా, వానికొక్కనికే తన్నులెందుకు?” అన్నది. లండనులో అనాథల ఆశ్రమం చవిచూచిన చాప్లిన్ ఆ ప్రశ్న విని ఉంటే సంతోషించేవాడు.

గుట్టు బయటపడగా దిమ్మరిని గెంటివేశారు. తరువాత మామగారు వెంట వచ్చాడు. దిమ్మరి ఆయన దృష్టి మరల్చి, వెనుకనుండి ఒక్క తన్ను తన్ని పరుగెత్తాడు.