హైదరాబాద్ చుట్టరికం: ఆఫ్రికా స్త్రీల సాహిత్యం, సినిమా
(స్మారకోపన్యాస పాఠం)

న్యూయార్క్‌లోని ఫెమినిస్ట్ ప్రెస్ 2003లో ‘విమెన్ రైటింగ్ ఆఫ్రికా’ మొదటి సంపుటాన్ని అచ్చు వేసింది. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంతో మొదలైన ఆ పని 2009 నాటికి పశ్చిమ, తూర్పు, ఉత్తర ప్రాంతాలను కూడా చుట్టి నాలుగు సంపుటాలైంది. పాటలు, ఉత్తరాలు, అర్జీలు, కథలు, కవితలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఖండపు ఆడవాళ్ళు నోటితో చెప్పినవాటికీ చేత్తో రాసినవాటికీ ఒకే పీట వేసిన పని అది. దాన్ని తలపెట్టిన ట్యూజలీన్ జీటా అలన్, ఆమె సహచరులు నమూనాగా ఎంచుకున్నది హైదరాబాద్‌లో తయారైన ఒక పుస్తకాన్ని. సూజీ తారూ, కె. లలిత సంపాదకులుగా అదే ప్రెస్ ప్రచురించిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ అది.

హైదరాబాద్ ఐటీ ప్రాంతమైన మాదాపూర్‌లో, అద్దాల మేడల మధ్య జరిగే సభలో ఆఫ్రికా ఊసు ఎందుకు అనేవారికి మొదటి జవాబు ఇదే.

ఆ భారతీయ సంకలనం 1991లో ఒక సంపుటంగా, 1993లో రెండో సంపుటంగా వెలువడింది. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దపు బౌద్ధ భిక్షుణుల నుంచి ఇరవయ్యో శతాబ్దపు రచయిత్రుల దాకా అనేక భాషల స్త్రీలు అందులో మాట్లాడతారు. మొల్ల, ముద్దుపళని వారిలో ఉన్నారు. ఆ పని వెనుక 1985లో హైదరాబాద్‌లో మొదలైన అన్వేషి పరిశోధనా కేంద్రం ఉంది. అంతకుముందటి ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా సంఘం అనుభవం కూడా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళి, వాళ్ళ మాటలు విని, రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది ఆ సంఘమే. పుస్తకాల్లో దొరకని చరిత్రను మనుషుల నోట వినవచ్చన్న నమ్మకం అక్కడే గట్టిపడింది.

సంకలనకర్తల ముందుమాట ముద్దుపళని కథతోనే మొదలవుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో రాసిన ‘రాధికా సాంత్వనము’ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ మళ్ళీ అచ్చు వేయించింది. అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం ఎత్తేయడానికి టంగుటూరి ప్రకాశం పూనుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్ళు రాయలేదనే మాట ఎంత అబద్ధమో ఈ ఒక్క పుస్తకం చాలు చెప్పడానికి. రాశారు. రాసినదాన్ని తీసి పక్కన పెట్టారు. ఆఫ్రికాలోనూ సరిగ్గా ఇదే జరిగింది కాబట్టే హైదరాబాద్ నమూనా అక్కడ పనికొచ్చింది.

నైజీరియా రచయిత్రి ఫ్లోరా న్వాపా నవల ‘ఎఫురు’ 1966లో వచ్చింది. ఆఫ్రికా స్త్రీ ఇంగ్లీషులో రాసి అంతర్జాతీయంగా ప్రచురితమైన తొలి నవలల్లో ఒకటి. తర్వాత ఆమె టానా ప్రెస్ పేరుతో సొంత ప్రచురణ సంస్థే పెట్టుకుంది. జింబాబ్వేకు చెందిన త్సిత్సి డంగరెంబ్గా ‘నర్వస్ కండిషన్స్’ రాస్తే స్వదేశపు ప్రచురణకర్తలు తీసుకోలేదు. 1988లో లండన్‌లోని విమెన్స్ ప్రెస్ దాన్ని ప్రచురించింది. మరుసటి ఏడాది ఆఫ్రికా ప్రాంతానికి కామన్వెల్త్ రచయితల బహుమతి దానికే వచ్చింది.

ఆ నవలలో తాంబు అనే పిల్ల ఉంది. ఇంట్లో ఫీజు డబ్బు ఒకరికే సరిపోతుంది. అన్న బడికి పోతాడు, ఈమె ఇంట్లో ఉండాలి. తాంబు నేల అడిగి తీసుకుని మొక్కజొన్న వేస్తుంది. నీళ్ళు మోస్తుంది, కలుపు తీస్తుంది. పొత్తులు కాస్తాయి, అంతలో మాయమవుతుంటాయి. దొంగ ఎవరో కాదు, ఆ పొత్తులు కోసి తోటి పిల్లలకు పంచిపెట్టేది సొంత అన్నే. మహబూబ్‌నగర్‌లోనో శ్రీకాకుళంలోనో చదువు కోసం ఇంట్లో పోట్లాడి, చివరికి హైటెక్ సిటీలో బ్యాడ్జీ మెడలో వేసుకున్న ఏ అమ్మాయైనా ఆ మొక్కజొన్న చేను దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది.

డంగరెంబ్గా అక్కడితో ఆగలేదు. బెర్లిన్‌లో సినిమా చదివింది. 1990ల మొదట్లో వచ్చిన ‘నెరియా’ చిత్రానికి కథ ఆమెదే. భర్త చనిపోయిన స్త్రీ ఆస్తినీ పిల్లలనూ భర్త తోడబుట్టినవాడు ఆచారం పేరు చెప్పి లాక్కుంటే ఆమె కోర్టుకెక్కుతుంది. జింబాబ్వే జనం ఆ సినిమాను విరగబడి చూశారు. 1996లో ‘ఎవ్రీవన్స్ చైల్డ్’తో ఆ దేశంలో పూర్తి నిడివి కథాచిత్రం తీసిన తొలి నల్లజాతి మహిళ అయింది. 2020లో ‘దిస్ మోర్నబుల్ బాడీ’ బుకర్ తుది జాబితాకు చేరిన ఏడాదే, హరారే వీధిలో ప్లకార్డు పట్టుకుని నిలబడినందుకు ఆమెను అరెస్టు చేశారు. శిక్ష వేసిన తీర్పును 2023లో పైకోర్టు కొట్టేసింది.

సెనెగల్ వైపు చూస్తే మరో ఇద్దరు కనిపిస్తారు. ఇద్దరూ బడిపంతులమ్మలే. ఇద్దరూ ఉత్తరం రూపంలోనే కథ చెప్పారు. సఫీ ఫాయె 1975లో తీసిన ‘కద్దు బేయ్‌కత్’ పల్లె నుంచి రాసిన ఉత్తరంలా నడుస్తుంది, వినిపించే గొంతు కూడా ఆమెదే. ఊరంతా వేరుశనగ మీద ఆధారపడింది. వానలు సరిగా లేవు, పంట పోయింది, పన్ను మాత్రం తప్పదు. ఎన్‌గోర్ అనే యువకుడు కూంబాను పెళ్ళాడాలి, కన్యాశుల్కానికి డబ్బు లేదు. డకార్ వెళ్ళి కూలి చేస్తాడు, మోసపోతాడు, తిరిగి ఊరికొచ్చి తన అనుభవం పదిమందికీ చెబుతాడు. సెనెగల్ ప్రభుత్వం ఆ సినిమాను మొదట నిషేధించింది.

అనంతపురం వేరుశనగ రైతుకు ఈ కథ విప్పి చెప్పనక్కర్లేదు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ ఐటీ నడవా మొత్తం లేచింది ఊరు విడిచి వచ్చిన కూలీల చేతుల మీదే. పాలమూరు వలస మీద తెలుగులో పాటలున్నాయి, కథలున్నాయి. అయినా సఫీ ఫాయె చేసినట్టు, వలస పోయినవాడు తిరిగొచ్చి ఊరివాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడే ఘడియను తీరిగ్గా చూపిన సినిమా తెలుగులో ఇంకా రావాల్సే ఉంది.

రెండో ఉత్తరం మరియామా బా రాసిన ‘సో లాంగ్ ఎ లెటర్’. ఫ్రెంచిలో 1979లో వచ్చింది. మరుసటి ఏడాది ఆఫ్రికా ప్రచురణలకు నెలకొల్పిన నోమా బహుమతిని మొట్టమొదట అందుకున్నది ఈ చిన్న నవలే. భర్త పోయాక ఇద్దత్ (ముస్లిం వితంతువు పాటించే నిరీక్షణ కాలం) పాటిస్తున్న రామతులాయె, నేస్తానికి రాస్తున్న ఉత్తరమే కథంతా. తన కూతురి స్నేహితురాలిని రెండో భార్యగా తెచ్చుకున్న భర్త అతను. నలభయ్యో రోజున భర్త అన్న వచ్చి, ఇక నువ్వు నాదానివన్నట్టు మాట్లాడితే, ముప్పై ఏళ్ళు మాటలు దిగమింగిన ఆ మనిషి నోరు విప్పుతుంది. ఆ పేజీలు చదవాలి. కోపం, మర్యాద, దుఃఖం మూడూ ఒకే గొంతులో అంత తూకంగా పలికిన చోట్లు ప్రపంచ సాహిత్యంలోనే తక్కువ. ఇద్దత్ అంటే ఏమిటో పక్కింటి నుంచే తెలిసిన హైదరాబాద్ పాఠకులకు అది పరాయి కథ కాదు. రెండో నవల అచ్చయి వచ్చేలోపే, 1981లో, మరియామా బా కన్నుమూసింది.

సినిమా విషయంలో తెలుగువాళ్ళు గర్వపడాల్సిన మాట ఒకటుంది. సారా మల్డరోర్ అంగోలా విముక్తి పోరాటం మీద ‘సంబిజాంగా’ తీసింది 1972లో. అల్జీరియా రచయిత్రి ఆసియా జెబార్ కెమెరా పట్టింది 1970ల చివర్లో. వాళ్ళకంటే దాదాపు రెండు దశాబ్దాల ముందే, 1953లో, భానుమతి ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో ఒకేసారి తీసింది. ‘అత్తగారి కథలు’ రాసిన చెయ్యి కూడా అదే. విజయనిర్మల 1973లో యద్దనపూడి సులోచనారాణి నవలతో ‘మీనా’ తీసి, మొత్తం 44 చిత్రాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆమె ఇల్లు నానక్‌రామ్‌గూడలోనే ఉండేది. ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ బస్సులు తిరిగే ప్రాంతమది. అంత గొప్ప మొదలు ఉన్న పరిశ్రమలో ఇవాళ దర్శకురాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాల్సి రావడం బాధాకరం.

ఆఫ్రికా వైపు మాత్రం వరస తెగలేదు. దర్శకురాలు మతి డియోప్ 2019లో ‘అట్లాంటిక్స్’కు కాన్‌లో గ్రాం ప్రీ గెలిచింది. సముద్రం మీద వలసపోయి మునిగిన కుర్రాళ్ళు, జీతాలు ఎగ్గొట్టిన మేడ యజమాని, వెనక మిగిలిన అమ్మాయిలు అందులోని మనుషులు. 2024లో ఆమె ‘దహోమే’కు బెర్లిన్ గోల్డెన్ బేర్ దక్కింది. ఫ్రాన్స్ ఎత్తుకెళ్ళిన దహోమే రాజవంశపు వస్తువుల్లో 26 మాత్రం 2021లో బెనిన్‌కు తిరిగొచ్చాయి. ఆ పెట్టెల్లోంచి 26వ నంబరు వేసిన విగ్రహం ‘ఫోన్’ అనే బెనిన్ భాషలో మాట్లాడుతుంది. ఇంతేనా ఇచ్చేది అని విశ్వవిద్యాలయపు పిల్లలు వాదించుకుంటారు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలను చూసి వచ్చిన తెలుగువారు ఆ వాదన ఒక్కసారి వినాలి.

ఆఫ్రికా అనగానే తెలుగు పాఠకుడు చప్పున చెప్పే పేర్లు చినువా అచెబె, గూగీ వా థియాంగో. ఇద్దరూ మహానుభావులే. ఆడవాళ్ళ పేర్లు మాత్రం నోటికి రావు. వందేళ్ళ కిందట పరిస్థితి ఇంతకంటే మెరుగు అనిపిస్తుంది. 1924లో సరోజినీ నాయుడు మొంబాసా వెళ్ళి తూర్పు ఆఫ్రికా భారతీయుల కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించింది. నాంపల్లిలోని ఆమె ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఇప్పుడు గచ్చిబౌలిలో ఉంది. అంతకు ముందు బండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’లో దేశ స్త్రీల చరిత్రలు రాసి, పరదేశ స్త్రీల కోసం ఒక భాగం తలపెట్టింది. 1905లో చిన్న వయసులోనే పోవడంతో అది సాగలేదు.

ఆ భాగం రాయడానికి ఇప్పుడు ఈ నగరంలో అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో ఫ్రెంచి, అరబ్బీ నేర్పుతున్నారు. నగరపు విశ్వవిద్యాలయాల్లో ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుతున్నారు. లాగోస్, నైరోబీ ఆఫీసుల్లో పనిచేసి వచ్చిన తెలుగువాళ్ళు ఈ నడవాలోనే ఉన్నారు. వీళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టే పని ఏదో ఒక కంపెనీ గ్రంథాలయమో పుస్తక సంఘమో తలకెత్తుకోవాలి. ఇంగ్లీషు మీదుగా కాకుండా ఫ్రెంచి నుంచి, స్వాహిలీ నుంచి, అరబ్బీ నుంచి నేరుగా తెలుగు చేయాలి, సందేహం వస్తే ఆ భాష మాట్లాడే విద్యార్థినినే అడగాలి. ‘నల్లపొద్దు’ లాంటి దళిత స్త్రీల సంకలనాన్ని తెచ్చిన అనుభవం హైదరాబాద్ ప్రచురణకర్తలకు ఉంది, అచ్చు గురించి బెంగ అక్కర్లేదు. ఈ ఉపన్యాస పాఠం చేతికందిన పాఠకులు ఈ నెలలో మరియామా బా నవల ఒక్కటి చదివి, మరొకరితో చదివించాలని మనవి.